ఈస్టర్ గడిలో ఇంటూ గుర్తు

అరబ్బు దేశంలో అల్ కుసైస్ లేబర్ క్యాంపులన్నిట్లోనూ మందుని మెడపట్టి బయటికి గెంటిన మొనగాడు సిలాస్ ఒక్కడే. ఈ మాట అన్నది కూడా సిలాస్ ఒక్కడే. గెంటి అప్పటికి యాభై రోజులు. అందులో నలభై రోజులు ఊళ్ళో, రాజోలు దగ్గర మందు మాన్పించే ఆసుపత్రిలో, గేటుకి బయట్నుంచి తాళం వేసి ఉండగా గెంటాడు.

మిగిలిన పది రోజులూ మాత్రం సొంతంగానే. తెల్లారి అయిదింటికి కంపెనీ బస్సెక్కడం, ఎండలో మేడల మీద ఏసీలు బాగుచెయ్యడం, సాయంత్రం పదకొండో నంబరు రూముకొచ్చి మంచం మీద వాలడం. ఆ రూములో పెద్దదిక్కు నెల్లూరు ఫకీర్ సాహెబ్, క్యాంపు వంటవాడు. నోరు ఎక్కువున్నది కడప అమీర్ జాన్, పెయింటర్.

ఇద్దరికీ సిలాస్ సంగతి బాగా తెలుసు. ఏటా ఈస్టర్‌కి ముందు నలభై శ్రమల దినాలు మొదలవగానే మందు మానేసేవాడు. ఈస్టర్ రోజు గుడి నుంచి వచ్చి, నలభై రోజుల బాకీ ఒక్క పూటలో తీర్చేసేవాడు. అందుకే ఆ ఏడు, అంటే 2007లో, అతను ఊర్నుంచి వచ్చిన రోజే, తలుపు వెనక క్యాలెండర్‌లో సిలాస్ మళ్ళీ ఏ రోజు పడతాడో ఆ గడిలో ఎవరికి వాళ్ళు పేరు రాసుకున్నారు. ఎవరి రోజు నిజమైతే వాళ్ళకి మిగతావాళ్ళు బిర్యానీ వండిపెట్టాలి. ఎవరిదీ నిజం కాకపోతే అందరూ కలిసి సిలాస్‌కి వండాలి.

"పందెం హరామ్ కదా భాయ్?" అన్నాడు సిలాస్.

"పందెమని ఎవురన్నారు అబ్బయా? అంచనా!" అన్నాడు ఫకీర్ సాహెబ్, మార్చి తొమ్మిదిలో పేరు దిద్దుకుంటూ.

ఈస్టర్ గడిలో మాత్రం పేరు లేదు. నల్లగా, లావుగా ఒక ఇంటూ గుర్తుంది.

"యా నా కొడుకుదిరా ఇది? పేరు రాసే దమ్ము కూడా లేదా?" అని అమీర్ జాన్ రూమంతా అడిగాడు.

"రాయండి, ఇంకా పెద్దక్షరాలతో రాయండి. మీ గడులన్నీ తొక్కుకుంటూ పోతాను" అన్నాడు సిలాస్.

ఆ రూము కిటికీ ఏసీకి మాటలు మింగే అలవాటుంది. ఒకప్పుడు మింగినవి ఇంకెప్పుడో చల్లగాలితో పాటు బయటికి వదిలేది. పాత మిషను, అంతకంటే ఏం చేస్తుంది! మూడేళ్ళ కింద ఫకీర్ సాహెబ్ ఫోనులో పెళ్ళాంతో ఆడిన పోట్లాట మంగళవారాలు వినిపించేది. ఇప్పుడు సిలాస్ తాగిన రోజుల వంతు వచ్చింది. మొద్దుబారిన నాలికతో పాటలు, ఏడుపులు, ఒట్లు.

"మెకానిక్కువి గదరా, ఆ ఫిల్టర్ కడుగు మామా, చెవులు పోతాండాయి" అని అమీర్ జాన్ రోజూ మొత్తుకునేవాడు. సిలాస్ రేపు, ఎల్లుండి అనేవాడు.

మార్చి తొమ్మిది పోయింది. ఇరవై మూడున అమీర్ జాన్ పేరు కూడా పోయింది. ఈస్టర్ వచ్చింది.

సిలాస్ భార్య యూనిస్ పక్క ఊరు అజ్మాన్‌లో నర్సు, హాస్టల్లో ఉండేది. ముందే చెప్పేసింది: "మీ ఈస్టర్ సంగతి నాకు తెలుసండి. ఆరోజు నాలుగింటికి మామూలు మనిషిలా నా ముందు నిలబడితే ఇక్కడే గది తీసుకుందాం. లేదా, ఖలాస్. మీ మంచం మీది, నా హాస్టల్ నాది."

అక్కడ ఆదివారం పనిరోజే కాబట్టి ముదీర్‌ని, అంటే మేనేజర్‌ని, బతిమాలి సెలవు తీసుకున్నాడు. ఆరాధన ముగించుకుని రెండింటికి రూముకొచ్చాడు. ఎవరూ లేరు. ఏసీ మూత ఊడదీసి, ఫిల్టర్ లాగి, దాని వెనక్కి చెయ్యి పోనిచ్చాడు. ఊరెళ్ళేముందు దాచిన సగం సీసా అక్కడే, వెన్నెల్లా చల్లగా ఉంది. స్టీలు గ్లాసులో పోశాడు. తనకి తాను చెప్పుకుందామని నోరు తెరిచాడు.

"ఒక్క గుక్కే. పండగ కదా!" అంది ఏసీ, అతని గొంతుతోనే.

"ఏయ్, నేనింకా అనందే!"

"యూనిస్‌కేం తెలుస్తుంది? యాలక్కాయ నమిలితే సరి."

సిలాస్ చెయ్యి అప్పటికే జేబులో యాలక్కాయ మీదుంది. చటుక్కున తీసేశాడు.

"రేపట్నుంచి మానేస్తా. ఒట్టు."

పుట్టి బుద్ధెరిగాక సిలాస్ ఒకరు చెప్పింది చెప్పినట్టు చేసిన పాపాన పోలేదు. నాన్న మాట వినలేదు, పాస్టరు మాట వినలేదు, ఫోర్‌మన్ ఎడమంటే కుడికి వెళ్ళే రకం. అలాంటివాడికి, నాలిక మడతపడే ఒక తాగుబోతు వరసగా ఆర్డర్లు వేస్తున్నాడు!

"ఎవడ్రా నువ్వు నాకు చెప్పడానికి?" అని లేచాడు. "తాగను! పండక్కీ తాగను, పెళ్ళికీ తాగను, చావుకీ తాగను. ఏం పీక్కుంటావో పీక్కో!"

గ్లాసూ సీసా బాత్‌రూములో వంపేశాడు. యాలక్కాయ కూడా అందులోకే విసిరాడు. నాలుగింటికి అజ్మాన్‌లో యూనిస్ ముందు నిలబడ్డాడు.

"ఊదండి" అందామె. ఊదాడు. మళ్ళీ ఊదమంది.

"ఏసీ దుమ్ము వాసనొస్తున్నారు" అని, ఆమె మొహం అటు తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

తర్వాతి శుక్రవారం పదకొండో రూములో వీడ్కోలు బిర్యానీ. యూనిస్ కూడా వచ్చింది. సిలాస్ పెట్టెలో బట్టల మధ్య ఏసీ ఫిల్టర్ ఉంది, కడగకుండా. ముదీర్ ఇచ్చిన కొత్తది రూము ఏసీకి బిగించేశాడు.

"ఒక్క గుక్కే" అని పెట్టె సణిగింది.

"ఎవరండీ లోపల?" అడిగింది యూనిస్.

"పాత అద్దెవాడు. ఇకమీద మన గది ఏసీలో ఉంటాడు."

"సరే, నా డ్యూటీకి లేపకుండా ఉంటే చాలు."

ఫకీర్ సాహెబ్ ఉల్లిపాయల బస్తా మధ్యలో కుమ్మరించాడు. "మా అంచనాలన్నీ తప్పినాయబ్బయా, ఒప్పుకుంటన్నాం, వండతన్నాం. ఆ ఇంటూ గుర్తోడు మాత్రం ఇంకా బయటికి రాలేదే! ఉల్లిగడ్డలు వాడే కొయ్యాల."

సిలాస్ గొంతుక్కూర్చుని కత్తి అందుకున్నాడు.

"మీరెందుకండీ? వండేది మీ కోసమేగా?" అంది యూనిస్.

ఒక్క ఉల్లిపాయైనా తెగలేదు, సిలాస్ కళ్ళలో మాత్రం అప్పుడే నీళ్ళు.

"అది నాదేనే. ఊర్నుంచి వచ్చిన మొదటిరోజే, ఏసీ డక్టుల మీద గుర్తులేసే మార్కర్‌తో పెట్టుకున్నా" అన్నాడు. "ఈస్టర్ నాడు ఎలాగూ పడతాను, బిర్యానీ ఖాయంగా నాకే వస్తుందనుకున్నా."