అరవై మూడో నంబరు తల్లి

నా ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ఇంట్లో పెరుగు గట్టిగా తోడుకోవడానికి బాగా పనికొచ్చిందని మా ఆయన కిరీటి వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. వాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వేదాన్ని. పాలు కాచి, చిటికెన వేలు ముంచి వేడి చూసి, చెంచాడు పెరుగు కలిపి మూత పెట్టడం పన్నెండేళ్లుగా నా చేతి పనే. వారం రోజులుగా మాత్రం ఆ గిన్నెను చూస్తే నాకు సిగ్గేస్తోంది. ఎందుకో చెప్పాలంటే నా ఉద్యోగం సంగతి చెప్పాలి.

2019 చివర్లో సూరత్‌లోని ఒక పరిశోధన సంస్థలో నాకు ఒంటిపూట పని దొరికింది. బాలింతలు రోజుకో పొట్లం మంచి బ్యాక్టీరియా పొడి తీసుకుంటే వాళ్ల ఒంటికి ఏమైనా మేలు జరుగుతుందా, పాలు తాగే బిడ్డకు విరేచనాలు తగ్గుతాయా అని చూసే అధ్యయనం అది. లింబాయత్‌లో మరమగ్గాల మీద బతికే తెలంగాణ కుటుంబాలతో మాట్లాడ్డానికి తెలుగు వచ్చిన మనిషి కావాల్సి వచ్చింది. "హజీరా ఫ్యాక్టరీ ఇంజనీరు పెళ్లాం ఆ గల్లీల్లో గడప గడపా తిరగడమేంటమ్మా?" అంది మా అత్తగారు మీనాక్షమ్మ. "కాలక్షేపం కదమ్మా, తిరగనీ. ఇంటి పని ఆగకపోతే చాలు" అన్నాడు కిరీటి. ఆ మాటకు నేను సంతోషపడ్డాను. మేముండే అడాజన్ నుంచి తాపీ నది దాటి అవతలికి వెళ్లేటప్పుడు బస్సులో ఒక్కదాన్నే కూర్చుని నాలో నేను నవ్వుకున్నాను కూడా.

నా పట్టీలో పంతొమ్మిది మంది తల్లులుండేవారు. అరవై మూడో నంబరు సుమనది. 2020 ఫిబ్రవరిలో మొదటిసారి చూసినప్పుడు ఆమెకు ఇరవై రెండేళ్లు, ఒళ్లో ఇరవై రోజుల పిల్ల. భర్త శివకృష్ణ మగ్గం నడిపేవాడు. అత్త పోశమ్మ పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఏంది బిడ్డా గీ పొడి? మందా?" అని అడిగింది. నేను మహా తెలివిగా చెప్పాననుకున్నాను. "మందు కాదమ్మా, పెరుగులో ఉండే మంచి క్రిముల్లాంటివి. పెరుగు తోడులాంటిదే అనుకో. చల్లటి నీళ్లలో కలిపి సుమన ఒక్కతే తాగాలి." పోశమ్మ మొహం వెలిగింది. "గట్ల చెప్పు మరి, సమజైంది." పెద్ద శాస్త్రాన్ని ఒక్క మాటలో చెప్పేశానని ఆ రోజంతా నాకు కాళ్లు నేల మీద నిలవలేదు.

తర్వాతి నెలలోనే లాక్‌డౌన్. పొట్లాలు ఆశా కార్యకర్తల చేతికి వెళ్లేవి. నేను వారానికోసారి ఫోన్ చేసి ఫారం నింపాలి. పదకొండు ప్రశ్నలు. పదకొండోది, 'తల్లి ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నదా?'

ఇంట్లో పడగ్గది కిరీటి ఆఫీసైంది, హాలు మా అమ్మాయి హరిణి ఆన్‌లైన్ క్లాసైంది, రెండో గది ఎటూ అత్తగారిదే. నాకు మిగిలింది వంటింటి వెనక వాషింగ్ మెషీన్ పక్కన నిలబడే చోటు. అక్కడే ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో పెన్ను, చెవి మాత్రం కుక్కర్ వైపు. మధ్యలో పడగ్గదిలోంచి కేక వినిపించేది. "కోమలీ, కాఫీ పెట్టావా లేదా? అవునో కాదో చెప్పు, మీటింగ్‌లో ఉన్నాను." ఆ కేక రోజుకు ఎన్నిసార్లు వినేదాన్నో లెక్కపెట్టలేదు. పాలు విరిగిపోయాయనో, పిల్ల ఏడుస్తోందనో మొదలుపెడితే వినడు. అవునా, కాదా, అంతే.

జూన్‌లో ఒకరోజు సుమనకు ఫోన్ చేశాను. ఆ ఇంటికంతా ఒకటే ఫోను, అదీ స్పీకర్ మీదే. "అక్కా, పాకిట్ల గురించి ఒక మాట చెప్పాలె" అంది. వెనక నుంచి కిరీటి అరుస్తున్నాడు. కుక్కర్ మూడో కూత వేసింది. "సుమనా, రోజూ తీసుకుంటున్నావా లేదా? అవునో కాదో చెప్పు, చాలు" అన్నాను. కాస్త ఆగింది. "అవునక్కా" అంది. టిక్కు పెట్టాను. పదకొండో ప్రశ్న దగ్గర 'ఏమీ లేదు' అని రాశాను.

ఆమె ఆగడం నాకు వినిపించింది. వినిపించలేదని ఒట్టు వేసి చెప్పలేను. వినిపించాకే పెన్ను కదిపాను.

2021 జనవరిలో కంప్యూటర్ తెర మీద జరిగిన సమావేశంలో పెద్ద డాక్టర్ గారు నన్ను మెచ్చుకున్నారు. అన్ని ప్రాంతాల్లోకీ కోమలి తల్లులే క్రమం తప్పలేదట, ఒక్క రోజు కూడా పొట్లం మానలేదట. సర్టిఫికెట్ వచ్చింది. నేను చేసే పనేమిటో ఏనాడూ అడగని కిరీటి దాన్ని అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాడు. ఆ ఆదివారం అందరం డుమస్ బీచ్‌కి వెళ్లాం. టమాటా భజియాలు తింటూ "చూశావా, నేనిచ్చిన స్వేచ్ఛ ఊరికే పోలేదు" అన్నాడు. నాకు ఒళ్లు మండాలి కదా? మండలేదు. ఇంకో ప్లేటు తెప్పించుకుని తిన్నాను.

పోయిన సోమవారం చివరి సందర్శనకు సుమన ఇంటికి వెళ్లాను. ఏడాదికి మళ్లీ ఆ గడప తొక్కడం. పోశమ్మ నన్ను కూర్చోబెట్టి గ్లాసు నిండా మజ్జిగ ఇచ్చింది. "తాగు బిడ్డా, నీ పొడితోనే తోడేసిన సల్ల."

నాకు అర్థం కాలేదు. ఆమే ముచ్చటగా చెప్పుకొచ్చింది. "లాక్‌డౌన్ల మగ్గాల సాంచాలు బందైనయి గదా. కూర లేదు, నార లేదు. పాలు మాత్రం దొరికినయి. దినాం ఒక పాకిట్ పాలల్ల ఏసుడు, తెల్లారి పెరుగు. జర నీళ్లగనే అయ్యేది గని ఇంటిల్లిపాదికి ఒక పూట ఎల్లింది. తోడులాంటిదే అని నువ్వే చెప్తివి గదా."

"మరి సుమన?" అన్నాను.

"మొగోళ్లు తిన్నంక గిన్నెల మిగిలితె తింటది. కోడలు గట్లనే తింటది గద బిడ్డా, గది కూడ అడుగుతవ్?"

సుమన తలెత్తలేదు. కింద కూర్చుని పిల్ల కాళ్లు ఒత్తుతోంది. ఏడాది పిల్లకు ఉండాల్సిన కాళ్లు కావవి. వానాకాలంలో ఆ పిల్లకు రెండుసార్లు విరేచనాలు పట్టుకున్నాయి. 'తల్లి పొట్లం క్రమం తప్పకుండా తీసుకుంటుండగా వచ్చాయి' అని నా చేత్తోనే రాశాను. ఇప్పుడు గ్లాసు కింద పెట్టే ముఖం లేక మజ్జిగంతా తాగేశాను. నేను గడప దాటుతుంటే సుమన వెనకే వచ్చి మెల్లగా అంది. "ఆ దినం ఫోన్ల గిదే చెప్పబోయిన అక్కా." గొంతులో నిష్ఠూరం కూడా లేదు. ఉంటే కొంచెం నయంగా ఉండేది.

ఇంటికొచ్చి పాత ఫారాలన్నీ తీశాను. పంతొమ్మిది మంది ఆడవాళ్లు, పది నెలలు, పదకొండో ప్రశ్న దగ్గర అన్నీ 'ఏమీ లేదు', 'ఏమీ లేదు'. కరోనా కాలంలో, మగ్గాలు ఆగిపోయిన ఇళ్లలో, పాలిచ్చే ఆడదానికి చెప్పుకోవడానికి ఏమీ లేదట. ఇంటి గడప దాటి ఉద్యోగం చేస్తున్నానని మురిసిపోయిన నేను చేసిందేమిటి? కిరీటి కేకను మోసుకెళ్లి వాళ్ల చెవుల్లో వేశాను. రేపు ఈ పొడి పనిచేస్తుందనో చెయ్యదనో ఎందరో తల్లులకు చెబుతారు. ఆ మాట కింద నా దొంగ టిక్కులుంటాయి. పంతొమ్మిది మందిలో ఎవరు తాగారో, ఎవరిది పాలలోకి పోయిందో నాకు తెలియదు. రాబోయే సోమవారం లెక్కలు మూసేస్తారు, ఆ తర్వాత దిద్దడం కుదరదు.

శనివారం కిరీటికి చెప్పాను. పూర్తిగా వినలేదు. "ఎవరు చూడొచ్చారు? సర్టిఫికెట్ ఇచ్చాక ఇప్పుడు తప్పని నువ్వే చెబితే పరువేం కాను? గ్రూపులో కూడా పెట్టాను. డాక్టర్‌కి రాస్తావా ఏంటి? అవునో కాదో చెప్పు" అన్నాడు. "చెప్పాలంటే కాస్త టైం పడుతుంది" అన్నాను. అప్పటికే ఫోన్లో తల దూర్చేశాడు.

ఈ రోజు ఆదివారం. మధ్యాహ్నం భోజనాలయ్యాక కిరీటి హాల్లో క్రికెట్ చూస్తున్నాడు. నేను పడగ్గదిలోకి వెళ్లి గడియ పెట్టుకుని అతని కుర్చీలో కూర్చున్నాను. మెత్తగా ఉంది, ఏడాదిగా ఆ కుర్చీ ఈ ఇంట్లోనే ఉన్నా నేనెప్పుడూ అందులో కూర్చోలేదు. ఫోన్లోనే డాక్టర్ గారికి మెయిల్ రాశాను. నా పంతొమ్మిది ఫారాల్లోని 'అవును'లు నమ్మదగినవి కావని, వాటిని నేను అడగాల్సినట్టు అడగలేదని, తోడు మాట చెప్పి దారి తప్పించింది కూడా నేనేనని, ఆ సర్టిఫికెట్ వెనక్కి తీసుకోమని. ఉద్యోగం ఉండకపోవచ్చు. పంపేశాను.

తర్వాత సుమనకు ఫోన్ చేశాను. "ఆ రోజు చెప్పబోయిన మాట ఇప్పుడు చెప్పు సుమనా. ఎంతసేపైనా వింటాను."

బయట హాల్లోంచి అత్తగారి గొంతు వినిపించింది. "కోమలీ, పాలు తోడేశావా?" నేను పలకలేదు.

"అక్కా," అంది సుమన, "మీ దగ్గర ఎవరన్న ఉన్నరా?"

తన గుట్టు ఎవరైనా వింటారని భయపడుతోందనుకున్నాను. "ఎవరూ లేరు, తలుపు గడియ పెట్టాను. భయపడకు" అన్నాను.

"నా కోసం కాదక్కా. ఆ దినం మీ సారు మీ మీద ఒర్లుతుండె గదా. నేను కథంత చెప్తే మీకింకా తిట్లు పడ్తయని అవునన్న. నేనొక్కదాన్నే కాదు, మన గల్లీల మీరు ఫోన్ జేసినోళ్లందరం గట్లనే అన్నం. పాపం, అక్కకు ఇంట్ల నోరు తెరిచే ఫుర్సత్ లేదని."