బోడిచెయ్యి మంచివాడైన వారం

కత్తుల ఫ్యాక్టరీలో పదును చూసే ఉద్యోగం అతనిది. పద్దెనిమిదేళ్లుగా అదే బల్ల, అదే కిటికీ. కొత్త వంటింటి కత్తి ఏదైనా అతని చేతులు దాటితేగానీ డబ్బాలోకి ఎక్కేది కాదు. ముందు అంచును తనవైపు తిప్పుకుని వెలుతురులో పట్టి చూసేవాడు. సరైన పదునుంటే అంచు కనపడదు. ఎక్కడైనా సన్నగా మెరిసిందంటే అక్కడ మొద్దుగా ఉన్నట్టు. తరవాత దూది ఉండ మీద మెల్లగా లాగేవాడు. పోగు చిక్కుకుంటే అంచున ఇంకా గరుకు మిగిలి ఉన్నట్టు. ఆ పైన పల్చటి కాగితాన్ని గాల్లో పట్టుకుని, పిడి దగ్గర్నుంచి మొన దాకా ఒక్క ఊపున కోసేవాడు. ఇవన్నీ రూల్సులో ఉన్నవే. రూల్సులో లేనిది ఒకటుంది. చివరగా ఎడమ ముంజేతి మీద వెంట్రుకలు గీసి చూసుకునేవాడు. అందువల్ల అతని కుడిచెయ్యి ఎలుగుబంటి చెయ్యిలా, ఎడమచెయ్యి పసిపిల్లాడి చెయ్యిలా ఉండేవి. ఫ్యాక్టరీలో అందరూ అతన్ని బోడిచెయ్యి అనే పిలిచేవారు.

బాగున్న కత్తి పిడి మీద అతను నీలం చుక్క పెట్టేవాడు. బాగులేనిదాన్ని ఎర్ర ట్రేలో పడేసేవాడు. ఆ ఎర్ర ట్రే అంటే సాన పట్టేవాళ్లందరికీ ఒళ్లు మంటే, కానీ అందరికంటే ఎక్కువ మంట బావకి.

బావ అంటే బోడిచెయ్యి అక్క మొగుడు. సానరాయి మీద అతనిది ఏడో నంబరు. అతను పట్టిన ప్రతి కత్తికీ పిడి అడుగున ఆ అంకె ఉంటుంది. ఇద్దరూ ఒకే ఇంట్లో రెండు వాటాల్లో కాపురం, ఒకే బస్సులో ప్రయాణం. పొద్దున బస్సెక్కేటప్పుడు ఎంత నవ్వుతూ ఎక్కినా, సాయంత్రానికి బావ మొహం ముడుచుకునేది. అరవై కత్తులు పంపితే ఎనిమిదో తొమ్మిదో తిరిగొచ్చేవి. అది కత్తుల తప్పు కాదని, బావమరిది కుళ్లని బావ గట్టి నమ్మకం. మా పెళ్లికే వంక పెట్టినవాడు కత్తులకు పెట్టడా అని భోజనాల గదిలో వచ్చినవాడికల్లా చెప్పేవాడు.

ఒక సోమవారం తొమ్మిది తిరిగొచ్చాయి. ఆ సాయంత్రం బావ ఒక పన్నాగం పన్నాడు. అప్పటికే నీలం చుక్క పడిన తన కత్తులు మూడు తీసి, స్పిరిట్‌తో చుక్కలు తుడిచేసి, చేతికి దొరికినదాంట్లో చుట్టి తన లాకర్లో దాచాడు. మర్నాడు పొద్దున వాటిని కొత్త కత్తుల మధ్య కలిపి పంపాడు. గుర్తు పట్టడానికి పిడి అడుగున మేకుతో చిన్న గీత కూడా గీశాడు.

మధ్యాహ్నానికి మూడింటికి మూడూ ఎర్ర ట్రేలో ఉన్నాయి.

బావ ఆనందం పట్టలేకపోయాడు. భోజనాల గదిలో అందరూ ఉండగా ఆ మూడు కత్తుల్నీ బల్ల మీద పేర్చి, జరిగిందంతా తాపీగా విప్పి చెప్పాడు. నిన్న పాసైనవి ఇవాళ ఎలా ఫెయిలయ్యాయని అడిగాడు.

"నిన్నటి కన్ను ఇంట్లో మరిచిపోయి వచ్చావేంట్రా బామ్మర్దీ?" అన్నాడు.

ప్యాకింగ్ వాళ్లు పడీ పడీ నవ్వారు. బోడిచెయ్యి కత్తులు మూడూ తీసుకుని తన బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

చేతులు కడుక్కోవడం కూడా మరిచిపోయాడు. పద్దెనిమిదేళ్లలో ఎన్ని వేల కత్తులు చూసి ఉంటాడు! వాటిలో ఎన్నింటిని ఇలాగే అన్యాయంగా పడేశాడో, ఎన్ని మొద్దు కత్తుల్ని ఇళ్లకు పంపాడో అనుకున్నాడు. ఒక కత్తి తీసి మళ్లీ కిటికీ వెలుతురులో పట్టాడు. అంచు మెరుస్తోంది. తను చూసింది తప్పు కాదు. మరి నిన్న?

భూతద్దం తెచ్చి చూస్తే అప్పుడు కనపడింది. సానరాయి వదిలే గీతలు ఒక వాటంగా ఉంటాయి. వాటికి అడ్డంగా, అంచు మీదుగా, ఎవరో గోళ్లతో రక్కినట్టు వేరే సన్న గీతలున్నాయి. గరుకు కాగితం చేసే పని అది. సాన పట్టేవాళ్ల లాకర్లలో గరుకు కాగితం తప్ప చుట్టడానికి ఇంకేముంటుంది? బావ వీటిని అందులో చుట్టి, లాకరు సందులో కుక్కి, రాసుకుపోయేలా లాగి ఉంటాడు. నిన్న పదునుగా ఉన్న కత్తుల్ని తన చేతులతో తనే చెడగొట్టుకున్నాడు.

అప్పుడే వెళ్లి చెప్పేస్తే ఆ సంగతి నిమిషంలో తేలిపోయేది. కానీ ఇందాకటి అరగంట అతనికి ఇంకా మింగుడు పడలేదు. నిమిషంలో తేల్చడానికి మనసొప్పలేదు. సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి గీతలు చూపించాడు, తన ఆలోచనా చెప్పాడు. ఏడో నంబరు చెడ్డ కత్తులన్నీ శనివారం లోపల మళ్లీ సానకెక్కాలి, ఒక్కటి కూడా గేటు దాటకూడదు అని సూపర్‌వైజర్ షరతు పెట్టాడు. ఆ తరవాత బోడిచెయ్యి తన బల్ల దగ్గర కాసేపు ఒక్కడే కూర్చుని నవ్వుకున్నాడు.

బుధవారం నుంచి బావ కత్తి ఒక్కటి కూడా ఎర్ర ట్రేలో పడలేదు. చెడ్డవన్నీ బోడిచెయ్యి కాళ్ల దగ్గరున్న అట్టపెట్టెలోకి చప్పుడు చెయ్యకుండా వెళ్లాయి. బావ కాలరెగరేశాడు. దెబ్బకి దారిలోకొచ్చాడని ఇంటికెళ్లి పెళ్లానికి చెప్పాడు.

గురువారం కూడా ఎర్ర ట్రే ఖాళీ. ఆరోజు బావ అంత హుషారుగా లేడు. మధ్యాహ్నం రాయి అరిగిపోయి ఉండగా ఓ ఇరవై కత్తులు అలాగే లాగించేశాడు. ఎలాగూ వాడు చూస్తాడులే అనుకోవడం ఏళ్ల తరబడి అలవాటు. అవి కూడా తిరిగిరాకపోయేసరికి గుండెల్లో రాయి పడింది. శుక్రవారం పరీక్షగా అసలు సానే పట్టని కత్తినొకదాన్ని ట్రే మధ్యలో పెట్టి పంపాడు. దాంతో వెన్న కూడా తెగదు. సాయంత్రం ఎర్ర ట్రేలోకి తొంగి చూశాడు. ఖాళీ.

బస్సులో బావ నోరు మెదపలేదు. ఇంటికొచ్చాక ఈయనకేమైందని అక్క తమ్ముణ్ణి పక్కకు పిలిచి అడిగింది. అతను పూసగుచ్చినట్టు చెప్పాడు. మందలిస్తుందేమోనని భయపడ్డాడు గానీ, అక్క కొంగు నోటికడ్డం పెట్టుకుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. తరవాత మొహం సర్దుకుని లోపలికెళ్లి మొగుడికి వడ్డించింది.

పక్కింటావిడ మీ ఫ్యాక్టరీ కత్తే కొత్తగా కొనుక్కుందట, కొయ్యమంటే నలుపుతోందట అని మాటవరసకు అన్నట్టు అంది.

బావ ముద్ద నోటి దగ్గరే ఆగింది. పిడి అడుగున అంకె ఏమిటని అడిగాడు.

"సరిగ్గా చూళ్లేదు," అంది అక్క. "ఏడో, ఒకటో. అంత పట్టించుకోలేదు. ఇంకొంచెం వెయ్యనా?"

బావకు ఆకలి చచ్చిపోయింది.

శనివారం పొద్దున్నే, ఇంకా రాళ్లు తిరగకముందే, అతను బోడిచెయ్యి బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఒరేయ్, నా కత్తులు చూస్తున్నావా లేదా?"

"చూస్తున్నా బావా. అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి."

"బాగాలేవురా. నాకు తెలుసు కదా." బావ గొంతు తగ్గించాడు. "నిన్న సాన పట్టనిది కూడా ఒకటి పెట్టాను. అదిప్పుడు ఎవరింట్లో ఉందో ఏమో. నీ మీద కోపం ఉంటే నన్ను తిట్టు. ఉద్యోగం మాత్రం ఇలా చెయ్యకు."

బోడిచెయ్యి కాలితో అట్టపెట్టెను ముందుకు తోశాడు. లోపల ముప్పై ఎనిమిది కత్తులు. అన్నింటికీ పైన, ఆ సాన పట్టనిది. బావ దాన్ని చూసి, ముందు ఊపిరి పీల్చుకుని, ఆ తరవాత మొహం ఎర్రగా చేసుకున్నాడు. ఆ కోపం బయటికొచ్చేలోపే బోడిచెయ్యి, సోమవారం బావ దాచిన మూడు కత్తుల్లో ఒకదాన్నీ భూతద్దాన్నీ అతని చేతిలో పెట్టాడు.

"వీటిని దేంట్లో చుట్టావు బావా?"

బావ అడ్డగీతల వంక చాలాసేపు చూశాడు. చేతికి అదే దొరికిందిరా అని గొణిగాడు.

"ఆవేళ అందరూ నవ్వినప్పుడు, నాకు కన్ను పోయిందనే అనుకున్నాను," అన్నాడు బోడిచెయ్యి. ఆ మాట వేళాకోళంగానే అందామనుకున్నాడు గానీ అలా రాలేదు.

బావ పెట్టె ఎత్తుకుని తన రాయి దగ్గరికి పోయాడు. ఆ మధ్యాహ్నం భోజనాల గదిలో, ఎవరూ అడక్కుండానే లేచి నిలబడి, గరుకు కాగితం సంగతి అందరికీ తనే చెప్పాడు. ఈసారి కూడా ప్యాకింగ్ వాళ్లు పడీ పడీ నవ్వారు. సాయంత్రానికి ముప్పై ఎనిమిదీ తయారయ్యాయి. బోడిచెయ్యి మొహమాటం లేకుండా వాటిలో రెండు వెనక్కి పంపాడు. బావ బూతు ఒకటి తిట్టి, మళ్లీ పట్టి ఇచ్చాడు.

ఇంటికెళ్లాక బావకు ఇంకొకటి తెలిసింది. పక్కింటావిడ అసలు కత్తే కొనలేదు. ఆదివారం పొద్దంతా బావ అక్కాతమ్ముళ్లిద్దరితోనూ మాట్లాడలేదు. సాయంత్రం మాత్రం వసారాలో కూర్చున్న బావమరిది పక్కన వచ్చి కూలబడి, ఆ ఏడో ఒకటో అన్న ముక్క ఎవరికి తట్టిందని అడిగాడు. తనకు కాదని, అక్క అప్పటికప్పుడు కల్పించిందని బోడిచెయ్యి చెప్పాడు.

బావ లోపలి గుమ్మం వైపు ఓసారి చూసి తలూపాడు.

"నా కత్తులు నువ్వు చూడు, ఫరవాలేదు," అన్నాడు. "ఆవిడ చేతికి మాత్రం ఇవ్వకు."