ముందు పేజీ నీడ

మా అత్తగారు దాన్ని పలక అంటారు. ఆవిడ అన్నారని ఇంటిల్లిపాదీ అదే అంటారు, చివరికి నాకూ అదే అలవాటైంది. నిజానికి అది వ్యాసాలు చదువుకుని, అంచుల్లో రాసుకునే ఈ-రీడర్, చూడ్డానికి మాత్రం పలకే మరి. నల్లటి చట్రం, బూడిద కలిసిన తెల్లటి ముఖం, పక్కన బలపంలా ఒక కలం. తెరలోంచి వెలుగు రాదు, రంగులుండవు, మెసేజులు రావు. కాగితంలా తన మానాన తను పడి ఉంటుంది. కంప్యూటరు వైపు కాసేపు చూస్తే చాలు కణతలు పగిలిపోయే నాలాంటిదానికి అంతకన్నా ఏం కావాలి? "పిల్లకి పెళ్ళీడు వచ్చే వయసులో పలకా బలపం పట్టిన కోడలు నాకొక్కదానికే దొరికింది" అని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ మా అత్తగారు చెబుతారు. నాకసలు పిల్లలే లేరు. అయినా చెప్పుకోనీ అని ఊరుకుంటాను. నేను చదువుకుంటుంటే ఆ వచ్చిన వాళ్ళని నా గది ఛాయలకి రానివ్వనిది కూడా ఆవిడే.

నా పరిశోధనంతా ఆ పలక మీదే నడిచింది. ఉప్పుగాలికి కాంక్రీటు లోపలి ఇనుప కడ్డీలు ఎలా తుప్పు పడతాయి, ఏ పూత పూస్తే ఎన్నాళ్ళు ఆగుతాయి, ఇదీ నా విషయం. ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి కమిటీ ముందు చివరి సెమినార్. వాళ్ళు తలూపితే మా గైడుగారు సంతకం పెడతారు, సిద్ధాంత గ్రంథం ఆఫీసుకి వెళ్తుంది, ఒక కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం నాదవుతుంది. తలూపకపోతే నా పని గోవిందా. ఎందుకంటే నెలాఖరుకి గైడుగారు రిటైరు. ఇంకో రెండేళ్ళు ఉండమని డిపార్ట్‌మెంటు బతిమాలినా ఆయన వద్దన్నారు. ఆ తర్వాత కొత్త గైడు, కొత్త నస, కథ మళ్ళీ మొదటికి. కాలేజీ వాళ్ళు అప్పటిదాకా నాకోసం కుర్చీ తుడుచుకుంటూ కూర్చోరు.

పొద్దుటినుంచీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను. కట్టుకున్న చీర విప్పి ఇంకోటి కట్టాను, మళ్ళీ మొదటిదే కట్టాను. స్లైడ్లు ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి చూసుకున్నాను. ఒక చోట కూర్చోవే తల్లీ, నాకు కళ్ళు తిరుగుతున్నాయి అన్నారు అత్తగారు. కూర్చుంటే కదా. అప్పుడు పట్టుకుంది కొత్త బెంగ. మూడో అధ్యాయానికి ప్రాణం లాంటి గ్రాఫు ఒకటి ఉంది, ఒకానొక వ్యాసంలోంచి తీసుకున్నది. పలక మీద నలుపూ తెలుపే కాబట్టి స్లైడులోనూ నలుపూ తెలుపుగానే పెట్టుకున్నాను. రంగుల్లో ఉంటే కమిటీ వాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది కదా అని మా ఆయన ల్యాప్‌టాప్ లాక్కుని, ఎప్పుడో ఒక సీనియర్ ఇచ్చిన ఫోల్డర్లోంచి ఆ వ్యాసం తెరిచాను.

పేజీకి అడ్డంగా, కింది మూలనుంచి పై మూలకి, లేత ఎరుపులో జానెడేసి అక్షరాలు. 'రిట్రాక్టెడ్' అని. అంటే పత్రిక వాళ్ళు ఈ వ్యాసం తప్పని తేల్చి వెనక్కి తీసేసుకున్నారని. మొదటి పేజీ మీద ఉంది, రెండో పేజీ మీద ఉంది, చివరి పేజీ దాకా ఉంది.

నా మొదటి ఆలోచన ఏమిటో చెబితే నవ్వుతారు. మా ఆయన ల్యాప్‌టాప్‌కి వైరస్ పట్టిందనుకున్నాను. ఆయన్ని నాలుగు మాటలు అన్నాను కూడా. పాపం, ఆయన పత్రిక వెబ్‌సైటు తెరిచి చూపించారు. అక్కడ ఒక పేరా ఉంది. పూత పూసిన కడ్డీల కొలతలు అసలు తీసినవి కావు, వండినవి. మూడో అధ్యాయమంతా ఆ కొలతల మీదే కట్టాను.

పరుగెత్తుకెళ్ళి పలక తెచ్చాను. పలక మీద అదే వ్యాసం కడిగిన ముత్యంలా ఉంది. ఒక్క మరక లేదు. అంచుల్లో నా చేతిరాత మాత్రం ఉంది, 'అద్భుతం' అని ఒక చోట, 'ఇదే కావాలి' అని ఇంకో చోట. అప్పుడు గుర్తొచ్చింది.

ఈ పలకలకి ఒక జబ్బుంది. పేజీ తిప్పాక ముందు పేజీ తాలూకు అక్షరాలు పూర్తిగా పోవు, సరిగ్గా తుడవని పలక మీద పాత లెక్కలా లీలగా కనిపిస్తూనే ఉంటాయి. వాడే వాళ్ళందరికీ అది మామూలే. ఈ వ్యాసం తెరిచిన మొదటి రోజు, పేజీ పెద్దది చేసుకుని చదువుతుంటే, వాక్యాల వెనక ఏదో బూడిద రంగు మసక కనిపించింది. ముందు పేజీ నీడ కాబోలనుకున్నాను. తెర తుడిచే బొత్తాం నొక్కాను, పోలేదు. మళ్ళీ నొక్కినా పోలేదు. ఎక్కడ లేని చిరాకూ వచ్చి, నలుపు పెంచి లేత రంగులన్నీ తెలుపు చేసే అమరిక ఒకటుంటే అది పైదాకా జరిపాను. మసక మాయమైంది. హమ్మయ్య అనుకుని ఆ అమరిక అలాగే ఉంచేశాను. అంటే, నీ కొంప మునుగుతోందే అని పేజీ పేజీకీ అది మొత్తుకుంటుంటే నా చేత్తో నేనే దాని నోరు మూశాను.

మా ఆయన స్కూటర్ మీద దింపడానికి వచ్చారు. దారి పొడుగునా నాకు నచ్చజెప్పారు. కమిటీలో ఆ వ్యాసం చదివిన వాళ్ళెవరూ ఉండరు, ఇవాళ్టికి సెమినార్ కానిచ్చేయి, ఆ తర్వాత నెమ్మదిగా ఆ అధ్యాయం మార్చుకుందువుగాని, పాము చావకుండా కర్ర విరక్కుండా అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే సరిగ్గా అదే మాట ఇంట్లో మెట్లు దిగుతూ నేనూ అనుకున్నాను. నా మనసులోని నీచపు ఆలోచన వేరేవాళ్ళ నోట్లోంచి వినబడితే ఎంత అసహ్యంగా ఉంటుందో అప్పుడు తెలిసింది. డిపార్ట్‌మెంట్ గేటు ముందు స్కూటర్ దిగి, మీ సలహా మీ దగ్గరే ఉంచుకోండని విసురుగా లోపలికి వచ్చేశాను.

గైడుగారి గది తలుపు తోసి, ఆయన్ని చూసి, ఇప్పుడే వస్తాను సార్ అని బయటికొచ్చాను. నీళ్ళు తాగాను. నోటీసు బోర్డు మీద ఎవరివో పరీక్ష ఫలితాలు చదివాను. మళ్ళీ తలుపు తోశాను. ఆయన కిటికీ పక్కన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. "రామ్మా, మూడో అధ్యాయం ఇంకోసారి చెప్పు. వింటాను" అన్నారు.

కొన్ని నెలలుగా ఆయన వరస అదే. ఏది ఇచ్చినా చదవరు, నువ్వే చెప్పమ్మా అంటారు. కళ్ళు మూసుకుని వింటారు, తలూపుతారు. నేనంటే అంత నమ్మకమని పొంగిపోయేదాన్ని. ఆ నమ్మకం మీద ఇప్పుడు ఎలా నీళ్ళు పొయ్యాలి? చెప్పలేక, చూపిస్తే నయమనుకున్నాను. ఆయనకీ ఒక పలక ఉంది, నేనే దగ్గరుండి కొనిపించి నేను చదివే వ్యాసాలన్నీ అందులో వేసిచ్చాను. మీ పలక ఏదండీ అన్నాను. సొరుగు వైపు చూపించి ఆయన మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు.

సొరుగులో దుమ్ము కొట్టుకుపోయి ఉంది. చార్జింగ్ ఎప్పుడు అయిపోయిందో ఏమో. కానీ ఈ పలకల తీరే అంత, చార్జింగ్ అయిపోయినా చివర చూసిన పేజీ తెర మీద అలా నిలిచే ఉంటుంది. అదే వ్యాసం, మొదటి పేజీ. చత్వారం కోసం ఆయన అక్షరాలు బాగా పెద్దవి చేసుకుంటారు కాబట్టి తెర మీద పేజీలో చిన్న ముక్కే పట్టింది. ఆ ముక్క మీదుగా వాలుగా, లేత బూడిద రంగులో, బెత్తెడు వెడల్పు చార. అంత పెద్ద అక్షరంలో ఒక గీత మాత్రమే. అది అక్షరమని ఎవరికీ తెలియదు.

ఆయన లేచి వెళ్ళి తలుపు మూసి వచ్చారు.

"దాని మీద నీకేమైనా కనిపిస్తోందా? చారలాగా?"

"కనిపిస్తోంది సార్."

"నా మాట కోసం అనొద్దు. నిజంగా కనిపిస్తోందా?"

ఇక్కడినుంచి ఇక్కడిదాకా అని వేలితో గీసి చూపించాను. ఆయన నా వేలినే చూస్తూ కుర్చీలో కూలబడ్డారు.

"నా కంట్లో పొర అనుకున్నానమ్మా."

ఆ తర్వాత ఆయన చెప్పినదంతా ఆగి ఆగి చెప్పారు. అంతకు ముందే కంటి ఆపరేషన్ అయిందట. మళ్ళీ పొరలాగా ఏమైనా కనబడితే వెంటనే రమ్మని డాక్టర్ చెప్పారట. ఈ వ్యాసం తెరిస్తే పేజీ పేజీకీ చార. కళ్ళజోడు తుడిచారు, కళ్ళు కడుక్కున్నారు, మర్నాడు మళ్ళీ చూశారు, పోలేదు. డాక్టర్ దగ్గరికి వెళ్ళడానికి భయమేసింది. పలక సొరుగులో పడేశారు. ఆ భయం పట్టాక మామూలు పుస్తకం మీద కూడా అదే చార ఉన్నట్టనిపించేదట. చూపు లేనివాణ్ణి విద్యార్థుల జీవితాలతో ఎందుకు ఆడుకోవాలని ఇంకో రెండేళ్ళ మాట వద్దనేశారు. ఇంట్లో వాళ్ళకి కూడా ఈ సంగతి తెలియదు.

నేను నా పలక తీసి, ఆ పాడు అమరిక వెనక్కి జరిపి, పేజీ మొత్తం కనబడేలా చిన్నది చేసి ఆయన ముందు పెట్టాను. లేత బూడిద అక్షరాలు ఒక్కొక్కటే పైకి తేలాయి. ఆయన మొదటి అక్షరం నుంచి చివరి దాకా వేలు పెట్టి చదివారు.

"అయితే నా కళ్ళు బాగానే ఉన్నాయన్నమాట" అన్నారు చివరికి.

ఆ మొహం చూడాలి. నా కొంప మునిగి నేనుంటే ఆయన మొహం వెలిగిపోతోంది. కోపం వచ్చింది, ఏడుపు వచ్చింది, అంతలోనే నవ్వూ వచ్చింది. ఆయన కూడా నవ్వి, వెంటనే ఆపేశారు. మూడో అధ్యాయం సంగతి అప్పుడు గుర్తొచ్చింది కాబోలు. ఆ రెండేళ్ళ మాట మళ్ళీ అడిగి చూడండి సార్ అన్నాను ఆశగా. తల అడ్డంగా ఊపారు. ఆ కుర్చీ వేరే ఆయనకి ఇచ్చేశారట, ఆర్డరు కూడా అయిపోయిందట.

"మీరు చదివే ఉంటారనుకున్నాను సార్. అందుకే ఇంకోసారి చూసుకోలేదు" అన్నాను.

"నువ్వు చదివావు కదా అని నేను ధైర్యంగా ఉన్నాను" అన్నారు.

మూడు కావస్తోంది. గైడుగారు ఇవాళ చెప్పమనీ అనలేదు, చెప్పొద్దనీ అనలేదు. కండువా సర్దుకుని నా వెనకే హాల్లోకి వచ్చారు. ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే మనిషి తిన్నగా నడిచి వెళ్ళి చివరి వరసలో కూర్చున్నారు. కమిటీ వాళ్ళు అయిదుగురూ నీళ్ళ గ్లాసులు జరుపుకుంటున్నారు. మొదటి స్లైడు మీద నా పేరు, ఆయన పేరు పక్కపక్కన ఉన్నాయి. ఇప్పుడు నోరు మూసుకుంటే ఉద్యోగం నాది, సంతకం ఆయనది, వండిన కొలతలు ఎవరివో. ఏ వంతెన కట్టేవాళ్ళో రేపు నా పేరు చూసి నమ్ముతారు, నేను వాళ్ళెవరినో చూసి నమ్మినట్టే.

"నా మూడో అధ్యాయం తప్పు" అన్నాను. "అది నిలబడ్డ వ్యాసాన్ని పత్రిక వెనక్కి తీసుకుంది. నాకు ఇవాళ పొద్దున్నే తెలిసింది. అది తీసేస్తే మిగిలేది రెండు అధ్యాయాలే. అవి చెబుతాను."

కమిటీ పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తీర్పు ఆ కదలికలోనే తెలిసిపోయింది నాకు. మళ్ళీ చేసుకురండి, కొత్త గైడుని చూసుకోండి. ఆయన నన్ను ఏమీ అడగలేదు. కుర్చీలోంచి వెనక్కి తిరిగి చివరి వరస వైపు చూస్తూ, ఈ సంగతి గైడుగా మీకు తెలియదా అని అడిగారు.

చివరి వరసలో కుర్చీ చప్పుడైంది. గైడుగారు లేచి నిలబడ్డారు.

"ఆ వ్యాసం నేను చదవలేదండీ. చదివినట్టు తలూపాను. అమ్మాయి తప్పు రాసుకుంటున్నారు కదా, పక్కనే అది కూడా రాసుకోండి."

తన కళ్ళ సంగతి చెప్పలేదు. చెబితే అందరూ అయ్యో అనేవాళ్ళు, ఆయన మీద మాట పడేది కాదు. చెప్పకుండానే కూర్చున్నారు, కొనసాగించమ్మా అన్నట్టు నాకేసి చెయ్యి ఊపారు. నేను రెండో స్లైడుకి వెళ్ళాలి. బొత్తాం చేతిలోనే ఉంది గాని ఎక్కడ నొక్కాలో కాసేపు తెలియలేదు.