పెరీన అత్తగారి సేజ్ మొక్కలకు కత్తెర పెట్టిందెవరు

మా అత్తగారు పెరీన పెంచే సేజ్ అనే మందాకు మొక్కలంటే బ్రాచ్ దీవిలో మా ఊరంతటికీ గొప్ప. పెరట్లో రాతిగోడ వెంట పన్నెండు పొదలు, బుట్టలు బోర్లించినట్టు గుండ్రంగా ఉండేవి. ఎవరికి గొంతు నొప్పి వచ్చినా ఆ ఆకుల కోసం మా గుమ్మానికే వచ్చేవారు. నా భర్త ఓడల మీద పనిచేస్తాడు కాబట్టి ఇంట్లో ఉండేది మేమిద్దరమే. మోకాళ్లు పట్టేసి ఆవిడ పెరట్లోకి దిగడం మానేశాక మొక్కల పని నా మీద పడింది.

ఆ ఏడాది మార్చిలో చూస్తే పొదలన్నీ చెల్లాచెదురుగా వాలిపోయి ఉన్నాయి. కొమ్మలు మొదళ్ల దగ్గర బోసిగా, ముదురు కట్టెల్లా ఉన్నాయి. చివర్లలో మాత్రం నాలుగేసి ఆకులు.

"ఏం చేశావే నా మొక్కల్ని?" అని కిటికీలోంచి అరిచింది అత్తగారు.

"నేనేం చెయ్యలేదత్తయ్యా. కత్తెర తగలనివ్వద్దని మీరే కదా చెప్పారు!"

"తగలనివ్వకూడదు మరి. వాటంతటవే అలా గుండ్రంగా పెరుగుతాయి."

మరెందుకు పెరగలేదో నాకు బోధపడలేదు. ఈస్టర్‌కి స్ప్లిట్ పట్నం నుంచి మా పెద్దాడపడుచు యెర్క వచ్చింది. పొదల్ని చూసి నెత్తి కొట్టుకుంది.

"ఏమిటిది వింకా? మార్చిలో జానెడు ఉంచి నరికెయ్యాలని అమ్మ నాకు వందసార్లు చెప్పింది. ఇప్పటికే ఆలస్యమైపోయింది."

"నాకు ముట్టుకోవద్దని చెప్పారు వదినా."

"అంటే నేను అబద్ధమాడుతున్నానా?"

నేను ఆపేలోపే మూడు పొదల్ని మోడుల్లా చేసేసింది. అత్తగారిని అడిగితే, "దానికలా చెప్పానేమో, నీకిలా చెప్పానేమో. నా ప్రాణం తియ్యకండి" అని మొహం తిప్పేసుకుంది. నెల గడిచినా ఆ మూడూ చిగురించలేదు. చచ్చాయో, నిద్రపోతున్నాయో తెలియక రోజూ గోటితో బెరడు గీకి చూసేదాన్ని.

మే నెలలో పక్కింటి బారిష తిరిగొచ్చాడు. ఆయన తేనెటీగలు పెంచుతాడు. నిరుడు వసంతంలో జారిపడి తుంటి విరిగి, ఏడాదిగా కూతురి దగ్గర ఉన్నాడు. కర్ర ఊతంతో గోడ దాకా వచ్చి మోడుల్ని చూసి నిలువునా అదిరిపడ్డాడు.

"ఎవరమ్మా ఇలా ముదురు కట్టెలోకి కోసింది? ముప్ఫై ఏళ్లుగా కోస్తున్నాను, ఒక్కటి చావలేదు!"

"మీరు కోస్తున్నారా మామయ్యా? మా మొక్కల్నా?"

ఆయన నాలుక కరుచుకున్నాడు. తర్వాత చెప్పాడు. ఏటా పూలయిపోయాక, జూన్ చివర్లో వచ్చే సెయింట్ పీటర్ పండుగ దాటిన ఆదివారం, మా వాళ్లంతా చర్చికి వెళ్లినప్పుడు గోడ దాటి వచ్చేవాడట. పచ్చటి భాగంలో మూడో వంతు కత్తిరించేవాడట. కోసినవి ఎండబెట్టి, తేనె తీసేటప్పుడు ఈగలకు పొగ పెట్టడానికి వాడుకునేవాడట.

"నా ఈగలు బతికేది మీ పూల మీదే కదమ్మా. ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా? అడిగితే పెరీన ఒప్పుకోదు. దాని నోరు నీకు తెలియదా?"

కిటికీ తెరిచే ఉంది. అత్తగారు తిట్లు లంకించుకుంటుందనుకున్నాను. లోపలికి వెళితే బఠాణీలు ఒలుస్తూ కూర్చుంది.

"మీకు తెలుసా అత్తయ్యా?"

"ఏం తెలుసు?"

"ఆయన వచ్చి కోస్తున్నట్టు."

"ఏటా ఆ ఆదివారం నాకు కాళ్లు లాగేవి. ప్రార్థనయ్యి అందరూ వెళ్లినా చర్చిలోనే కూర్చుండిపోయేదాన్ని" అంది. ముప్ఫై ఏళ్లుగా ఆ ఒక్క ఆదివారమే కాళ్లెందుకు లాగాయని అడగబోయాను. "పొయ్యి మీద ఏదో మాడుతోంది చూడు" అంది. పొయ్యి వెలిగించనే లేదు.

జూలైలో బారిష గోడవతల కుర్చీ వేసుకుని చెబుతుంటే నేను కత్తెర పట్టాను. "కోసిన చోటికి కింద ఆకులు మిగలాలి. ఆకు లేని చోట కొయ్యకు" అంటాడాయన. "ఇంకా కొయ్యి, భయమెందుకు!" అని కిటికీలోంచి ఈవిడ. "పెరీనా, నువ్వు ఊరుకో" అని ఆయన. ఎవరి మాట వినాలో తెలియలేదు. చివరికి ఆయన మాటే విన్నాను. వాలిన పొడుగు కొమ్మల్ని వంచి మట్టి కప్పి, పైన రాయి పెట్టమన్నాడు, అలాగే చేశాను.

మూడు మోడుల్లో ఒకటే బతికింది. రాళ్ల కింద కొమ్మలు మాత్రం వేళ్లు తొడిగి, మరుసటి ఏప్రిల్‌కి నాలుగు కొత్త మొక్కలయ్యాయి. రెండింటిని ఖాళీ చోట్లలో నాటాను, ఒకటి యెర్క పట్టుకెళ్లింది. నాలుగోదాన్ని అత్తగారు పాత నూనెడబ్బాలో పెట్టించి, "బారిషకి ఇచ్చిరా, ఏమీ మాట్లాడకు" అంది.

ఆయన డబ్బా అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గోడవతల ఉన్నదంతా ఉండగా నాకిదెందుకమ్మా? ఏమంది?"

"ఏమీ అనలేదు మామయ్యా."

ఆయన మొక్కవంక చూశాడు, నావంక చూశాడు. ఆయనకేమైనా అర్థమైందో లేదో నాకు తెలియలేదు. ముప్ఫై ఏళ్ల కత్తెర పనికి కృతజ్ఞతో, ఇక గోడ దాటొద్దనడమో, నాకైతే తేలలేదు.