తొంభై నాలుగు చిల్లర

లెక్కల మాస్టారికి ఆ సాయంత్రం కాళ్ళు ముందుకు పడటం లేదు. ముప్పై ఏళ్ళుగా పిల్లలకి శాతాలు నేర్పిన మనిషి, ఆ శాతం కోసమే ఒక పిల్లని బడి నుంచి తప్పించడానికి బయల్దేరారు. ఖర్మ కాకపోతే ఏమిటి?

ఊళ్ళో ఉన్న ప్రభుత్వ హైస్కూలు ఆ ఒక్కటే. ఈసారి తొంభై ఐదు శాతం పాసవకపోతే మూసేస్తామని పైనుంచి కాగితం వచ్చింది. పదో తరగతిలో ఉన్నది పంతొమ్మిది మంది. ఒక్కరు తప్పినా తొంభై నాలుగు చిల్లర. మిగతావాళ్ళు ఎలాగో గట్టెక్కుతారు గానీ, దర్జీ ఆవిడ పెద్దకూతురు మాత్రం లెక్కల్లో పెట్టిన ప్రతి పరీక్షా తప్పుతోంది.

"ఆ పిల్ల పేరు తీయించేద్దాం మాస్టారూ. వచ్చే ఏడాది బయటి నుంచి రాసుకుంటుంది. వాళ్ళమ్మకి మీ మాటంటే గురి," అన్నారు హెడ్మిస్ట్రెస్, ఆయన మొహం చూడకుండా. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది పాపం, కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. అలా పేరు తీయించుకున్నవాళ్ళలో మళ్ళీ వచ్చి రాసినవాళ్ళని మాస్టారు తన సర్వీసులో ఒక్కర్ని కూడా చూడలేదు.

దర్జీ ఆవిడ ఇల్లంతా కలిపి ఒకటే గది, అందులో సగం కుట్టుమిషనే. స్టూలు మీది గుడ్డముక్కలు తీసి ఆయన్ని కూర్చోమంది.

"మా పిల్ల ఏమైనా చేసిందా సార్?"

మాస్టారు పేరు తీసేయమని సంతకం పెట్టాల్సిన కాగితం తీసి ఉన్నదంతా చెప్పేశారు. దాచడానికి మనసొప్పలేదు.

"తెలివిలేనిదేం కాదు సార్," అంది ఆవిడ. "పొద్దున లేస్తే లెక్కలే. చేసిందే మళ్ళీ చేస్తది. ఎందుకే అంటే, సరిచూడకుండా పెన్ను దించొద్దని సార్ చెప్పారంటది."

చెప్పింది ఆయనే. ఏటా మొదటిరోజు బల్ల గుద్ది మరీ చెబుతారు. తక్కినవాళ్ళు చెవిన పెట్టలేదు కాబట్టి పాసవుతున్నారు. ఈ పిచ్చిపిల్ల ఒక్కతే నమ్మింది. ఆరు లెక్కలు చేసి, ఆరూ రెండేసిసార్లు సరిచూసేసరికి గంట కొడతారు. ఇక చూడొద్దే తల్లీ అని బతిమాలినా చెయ్యి కదలదు. ఆ ఆరింట్లో మాత్రం తప్పుండదు.

గుమ్మంలో నిలబడి అంతా విన్న ఆ పిల్ల లోపలికొచ్చి పెన్ను అడిగింది.

"చెల్లి ఎనిమిదిలో ఉంది సార్. బడి మూసేస్తే అదెక్కడికి పోతుంది?" అని సంతకం పెట్టింది. పెట్టి, కాగితం పైనుంచి కిందిదాకా రెండుసార్లు సరిచూసింది. "క్లాసుకి మాత్రం వస్తాను సార్. వెనక కూర్చుంటాను."

సరేనని తలూపారు మాస్టారు. తల్లి కూడా సంతకం పెట్టి, తల వంచుకుని మళ్ళీ మిషన్ తొక్కసాగింది.

మర్నాడు హాజరు నంబర్లు పిలుస్తూ, ఆరు తర్వాత అలవాటుకొద్దీ "ఏడు" అన్నారు మాస్టారు. వెనకబెంచీలో ఆ పిల్ల నోరు తెరవబోయి ఆగిపోయింది. క్లాసంతా వెనక్కి తిరిగి చూసింది.

"ఏడు లేదు సార్," అంది ఆ పిల్లే, నెమ్మదిగా. "ఎనిమిది పిలవండి."

మాస్టారు ఎనిమిది పిలిచారు.