మౌసులో బూడిద

బుడమేరు పొంగి బెజవాడ వీధుల్లో పడవలు తిరిగిన ఏడు పోయి, మరుసటి ఎండాకాలం వచ్చింది. మనవరాలు పద్మశ్రీని కాలేజీ సీటు కోసం పెట్టే సైన్సు పరీక్షకు నేనే తీసుకెళ్ళాను. అందులో కాగితం ఉండదు, జవాబులన్నీ కంప్యూటరు మీదే నొక్కాలి. సీటు రాకపోతే చదువు మానిపించి రొయ్యల షెడ్డులో పనికి పెడతానని దాని నాన్న, మా వాడు నాగబాబు చెప్పేశాడు. వాడు అన్నాడంటే చేస్తాడు.

పిల్ల ఎప్పుడూ కంప్యూటరు ముట్టింది లేదు. అందుకని ముందురోజే కొల్లేటి నుంచి బస్సెక్కి వచ్చి, గవర్నరుపేటలో సంజీవరావు గారి నెట్ సెంటర్‌లో మచ్చు పరీక్ష రాయడానికి కూర్చోబెట్టాను. మౌసు పట్టుకోగానే దాని చేతికి చెమటలు పట్టాయి. తెర మీద బాణం ఒకచోట నిలవదు. ఒకటి నొక్కబోయి ఇంకొకటి నొక్కింది. లెక్కలు సగంలో ఉండగానే పరీక్ష ముగిసిపోయిందని తెర మీద పడింది.

అప్పుడది చున్నీ చెంగు ముడి విప్పింది. లోపల మా పొయ్యి బూడిద. బతికున్న కొరమేను జారిపోకుండా మేము చేతులకు బూడిద రాసుకుంటాం. అదీ అలాగే రాసుకుంది. కాసేపు బాగానే నడిచింది. తర్వాత బాణం కదలడం మానేసింది.

సంజీవరావు గారు వచ్చి, ఆ పాతకాలపు మౌసు తిరగేసి, అడుగున ఉన్న బంతి ఊడదీశారు. దాని నిండా బూడిదే.

"ఏమ్మా, పరీక్షకొచ్చావా, అంట్లు తోమడానికొచ్చావా?" అన్నారు.

పక్కనున్న కుర్రాళ్ళు నవ్వారు. ఆయన బంతి తుడిచి పెట్టేసరికి మౌసు మళ్ళీ నడిచింది. పిల్ల మాత్రం లేచి బయటికి వచ్చేసింది.

"నేను రాయను తాతా. రేపు అక్కడా ఆగిపోతే?"

కొల్లేట్లో గాలివాన పట్టినప్పుడు కూడా నాకంత భయం వేయలేదు. ఆ రాత్రి బస్టాండులో పడుకున్నామన్న మాటే గానీ, ఇద్దరికీ నిద్ర లేదు.

తెల్లవారాక పంపు దగ్గర దాని చేతులు సబ్బుతో రుద్ది కడిగాను. పరీక్ష జరిగే కాలేజీ గేటు దాకా వచ్చి ఆగిపోయింది. నా చెయ్యి వదలదు. మిగతా పిల్లలంతా లోపలికి పోతున్నారు.

"ఆగిపోతే చెయ్యెత్తు. ఎవరో ఒకరొచ్చి విప్పి తుడుస్తారు. నిన్న చూశాంగా," అన్నాను.

"వాళ్ళూ నవ్వుతారు."

"నవ్వనీయవే. వాళ్ళేమన్నా నీకు సీటిస్తారా?"

చెయ్యి వదిలి లోపలికి వెళ్ళింది.

వాచ్‌మన్ నీడలో కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు. అది బయటికి వచ్చేదాకా గేటు ఊచలు పట్టుకుని అక్కడే నిలబడ్డాను.