కొసన నిలబడ్డ పట్టె

నేను ఒక మంచం పట్టెను. నన్ను వేప మానులోంచి కోసి, చిత్రిక పట్టి, మంచం కోళ్ళ మధ్య బిగించి, నాంచారమ్మ పెళ్ళికి పుట్టింటివాళ్ళు ఇచ్చారు. అప్పట్నుంచీ ఆమెనూ, ఆమె మొగుడు కోటిలింగాన్నీ మోస్తూ వచ్చాను. నడుం వాల్చాక మనుషులు చెప్పుకునే మాటలకీ, పగలు నలుగురిలో చెప్పేవాటికీ పెద్దగా పొంతన ఉండదు.

బెజవాడలో కొండమీద వాళ్ళది ఒకే గది ఇల్లు. కొడుకు మధుకి పెళ్ళి కుదరగానే ఆ గదికి అడ్డంగా గోడ కావాల్సొచ్చింది. కొత్తగా వచ్చే పిల్ల అత్తమామల కళ్ళెదుట కాపురం ఎలా చేస్తుంది? అంత ఎత్తుకి ఇటుకలు మోయించలేనివాళ్ళు కర్రలు నిలబెట్టి ప్లైవుడ్డు కొట్టుకుంటారు.

కోటిలింగం గాల్లో వేలు ఆడిస్తూ లెక్కేశాడు. గోడ తొమ్మిదడుగులు, పక్కన దారి. అడుగున్నరకో నిలువు కర్ర. అంటే ఆరు.

"ఒకటి ఎక్కువ తెద్దాం నాన్నా," అన్నాడు మధు.

"నా లెక్క ఎప్పుడైనా తప్పిందిట్రా?"

తప్పిన సందర్భాలు నాకు బోలెడు తెలుసు. నన్నెవరూ అడగలేదు.

మొదటి కర్రను ఇంటి గోడకి ఆనించి బిగించి, అక్కణ్ణుంచి కొలుచుకుంటూ పోయారు. ఆరోది బిగించేసరికి దారి పక్క కొస ఖాళీగా మిగిలింది. మధ్య సందులు ఆరు రావాలంటే కర్రలు ఏడుండాలి. ఆ మొదటిదాన్ని ఆయన లెక్కలోకే తీసుకోలేదు. ప్లైవుడ్డు తెరలా ఊగుతోంది. కర్రల అడితి మూసేశారు. తెల్లారితే కోడలు గడపలో కాలు పెడుతుంది.

కోటిలింగం కూలబడిపోయాడు. నాంచారమ్మ నా మీది నవారు విప్పడం మొదలుపెట్టింది.

"మంచం విప్పుతున్నావేమే?"

"ఈ పట్టె సరిపోతుందండీ. మనం కింద పడుకుంటే ఏం పోయింది?"

అలా నాకు మేకులు దిగాయి. నేను నిలబడ్డం అదే మొదలు. కోడలు సుహాసిని, "మీకు మంచం లేదా మామయ్యా?" అని అడిగితే, నడుముకి నేలే మంచిదని డాక్టరు చెప్పాడన్నాడాయన. చాప మీంచి లేస్తూ రోజూ మూలిగేవాడు.

సుహాసిని దారి దాటుతూ నా మీద చెయ్యేసేది. ఓ పొద్దున ఆ చెయ్యి ఆగింది. మిగతా కర్రలు గరుకు. నేను నున్నగా, కోడు బెజ్జంలో దూరే సన్నని కొసతో, నవారు ఒరిసిన గాట్లతో ఉన్నాను. అప్పుడే అవతల మామగారి మూలుగు వినబడింది. ఆ పిల్లకి ఏడుపొచ్చేసింది.

ఆ రోజే అడితికి వెళ్ళి, కొత్త కర్ర భుజాన పెట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"ఎందుకమ్మా, నా లెక్క ప్రకారం అన్నీ సరిపోయాయిగా," అన్నాడు కోటిలింగం.

"సరిపోయాయి మామయ్యా. ఇది నా వంతు."

మధు నన్ను పీకి, దాన్ని నిలబెట్టాడు. మంచం మళ్ళీ మంచమైంది. భోజనాలయ్యాక నాంచారమ్మ హాయిగా ఒరిగింది. కోటిలింగం మాత్రం బింకంగా చాప పరుచుకున్నాడు. డాక్టరు మాటాయె.

గోడ అవతలి నుంచి సుహాసిని పిలిచింది. "మామయ్యా, ఇందాక మీ డాక్టరు కనబడ్డాడు. ఇక మంచం ఎక్కొచ్చన్నాడు."



"ఆయనే చెప్పాక ఇంకేం చేస్తాం," అంటూ కోటిలింగం లేచి వచ్చాడు. మేకులు దిగిన చోట కొంచెం కిర్రుమనబోయి, ఆపుకున్నాను.